పన్నెండు మీటర్ల ఎర్రగుడ్డ

ఆ ఏడు తుఫానులకు ఆ దీవి మీద ఏం మోజు పుట్టిందో గానీ, అయిదు వారాల్లో మూడు వచ్చి పోయాయి. మొదటిది ఇళ్ళ మీది రేకులు లేపుకుపోయింది, ఫోను టవరును నేలకూల్చింది. జనం కొండా గట్టూ గాలించి, ఎవరి రేకులు వాళ్ళు తెచ్చుకుని మేకులు కొట్టుకునేలోపే రెండోది దిగబడి, రేవులో కట్టేసిన పడవల్ని ఒకదాని మీదొకటి పేర్చింది. మూడోది వచ్చేసరికి పట్టుకుపోవడానికి పెద్దగా ఏం మిగిలిందని? ఆ కోపమంతా రోడ్డు మీద చూపించింది. దీవి చుట్టూ ఉన్నదే ఒక్క రోడ్డు. దాన్ని నాలుగు చోట్ల కొరికి సముద్రంలో ఉమ్మేసింది.

టైలరమ్మ ఇల్లు దీవికి అటు కొసన, కొండ మీద ఉంది. డాబా మీద నిలబడితే సగం దీవి కనపడుతుంది, సగం దీవికి ఆ డాబా కనపడుతుంది. ఇంటి పక్కనే మొగుడి వడ్రంగి షెడ్డు, కింద మెట్లు దిగితే ఒక చిన్న పడవల రేవు. పెళ్ళయి ముప్పై నాలుగేళ్ళు. పిల్లలు లేరు. ఉన్నదల్లా ఒక కుట్టుమిషను, ఒక మేక, ఒక మొగుడు. ఈ మూడింటిలో చెప్పిన మాట వినేది కుట్టుమిషను ఒక్కటే.

ఆ మాట వినని మొగుడి కాలి గురించే ఇప్పుడు ఆమె బెంగంతా.

రెండో తుఫాను వెలిసిన మర్నాడు వడ్రంగి పక్కింటివాళ్ళ కప్పు సరిచేయడానికి వెళ్ళాడు. సాయంత్రం ఇంటికొచ్చి గుమ్మంలో చెప్పు విప్పబోతే చెప్పు ఊడి రాలేదు. లాగాడు. రాలేదు. కాలెత్తి చూస్తే తుప్పు పట్టిన మేకు ఒకటి చెప్పులోంచి పాదంలోకి దిగబడి ఉంది. ఎప్పుడు దిగిందో ఆయనకే తెలీదు. పదిహేనేళ్ళుగా షుగరు, పాదాలకు స్పర్శ ఏనాడో పోయింది. టైలరమ్మ ఆ మేకును చూసి కెవ్వుమంది. ఆయన మాత్రం పటకారుతో పీకి, వంకర చూసి, "మంచి మేకే, తిన్నగా కొడితే పనికొస్తుంది" అని డబ్బాలో వేసుకున్నాడు.

అట్లాంటి మనిషితో వేగాలంటే ఎంత ఓపిక ఉండాలో మీరే ఆలోచించండి.

నాలుగు రోజులకు పాదం ఉబ్బింది. ఆరో రోజుకు చిటికెన వేలు, దాని పక్క వేలు కమిలిన వంకాయ రంగుకు తిరిగాయి. "నర్సమ్మకు కబురు పెడతానండీ" అని టైలరమ్మ అనడం, "నీకు పనేం లేదా" అని ఆయన కసురుకోవడం, పొద్దున్నా సాయంత్రం ఇదే పాట.

"అటుపక్క ఇళ్ళు పోయినవాళ్ళున్నారే. ఒకడికి చెయ్యి విరిగింది, ఒకామెకు నెలలు నిండాయి. నా చిటికెన వేలు కోసం లాంచి తిప్పుకుని రమ్మంటావా? సిగ్గుండాలి."

"వేలు ఊడి చేతిలోకొస్తే అప్పుడుంటుంది లెండి సిగ్గు."

"ఆ సరంగు మొహం నేను చూడలేను. చెప్పానా లేదా?"

అదండీ అసలు సంగతి. వేలు కాదు, షుగరు కాదు, లాంచి నడిపే సరంగు. ఈ ముడి విప్పాలంటే పదకొండేళ్ళు వెనక్కి పోవాలి.

ఆ దీవిలో ఇళ్ళు నూట నలభై మూడు. అన్నీ ఒకచోట ఉండవు, చేతిలోంచి జారిన గింజల్లా తలా ఒక గట్టు మీద ఉంటాయి. పూర్వం గాలి తగ్గగానే సరంగు లాంచి వేసుకుని ఇంటింటికీ పోయి "బాగున్నారా?" అని అడిగి వచ్చేవాడు. బాగున్నవాళ్ళు ఆయన్ని కూర్చోబెట్టి తమ రేకులు ఎగిరిన కథ మొదట్నుంచీ చెప్పేవారు. నిజంగా బాగోలేనివాడు ఆఖరి ఇంట్లో పడుకుని వంతు కోసం ఎదురుచూసేవాడు. ఇట్లా లాభం లేదని బడి హెడ్మాస్టరు ఒక పద్ధతి పెట్టాడు. తుఫాను వెలిశాక ప్రతి ఇంటివాళ్ళూ డాబా మీదో కొయ్య మీదో గుడ్డ కట్టాలి. తెల్లదైతే మేం బాగున్నాం, తీరిగ్గా రండి. ఎర్రదైతే ఉన్నపళంగా రండి. ఏదీ లేకపోతే అసలు మనుషులున్నారో లేదో చూడండి. హెడ్మాస్టరు నీళ్ళ ట్యాంకు ఎక్కి బైనాక్యులర్సుతో లెక్క చూస్తాడు, సరంగు కింద లాంచి ఇంజను ఆడిస్తూ ఆయన కేక కోసం ఎదురుచూస్తాడు.

ఆ జెండాలన్నీ కుట్టింది టైలరమ్మే. ఇంటికొక తెల్లది, ఇంటికొక ఎర్రది. నాలుగు వైపులా మడత, రెండు కొసలా నాడా, ఎక్కడా ఒక్క కుట్టు వంకర పోలేదు. వంకర కుట్టు ఎవరి ఒంటి మీద కనపడినా ఆమెకు నిద్రపట్టదు, దారిన పోయేవాణ్ణి ఆపి జేబు విప్పి కుట్టిన మనిషి.

పద్ధతి పెట్టిన మొదటి ఏడే పెద్ద గాలి వచ్చింది. షెడ్డులోకి నీళ్ళొస్తే మేక భయపడి షెడ్డు కప్పెక్కి అరవడం మొదలుపెట్టింది. వడ్రంగికి ఆ మేకంటే ప్రాణం. ముందూ వెనకా చూడకుండా ఎర్రజెండా కట్టేశాడు. ఇంకా కెరటాలు తాటిచెట్టంత లేస్తున్నాయి, ఆ సముద్రంలోనే సరంగు వచ్చాడు. రేవుకు వచ్చేసరికి ఒక కెరటం లాంచిని ఎత్తి గట్టుకు కొట్టింది. సరంగు మూతి వెళ్ళి చుక్కాని చక్రానికి తగిలింది, ముందు పళ్ళు రెండూ ఊడి ఎక్కడ పడ్డాయో తెలీదు. నోట్లోంచి నెత్తురు కారుతుండగా మెట్లెక్కి వచ్చి, ఎవరికేమైందని చేత్తో సైగ చేశాడు. వడ్రంగి మేక వైపు వేలు చూపించాడు. మేక అప్పటికే తనంతట తాను కిందికి దిగి, తీగ మీది లుంగీ నములుతూ ఉంది. సరంగు మేక వైపు చూశాడు, వడ్రంగి వైపు చూశాడు, ఒక్క మాటైనా అనకుండా వెనక్కి తిరిగి మెట్లు దిగిపోయాడు.

ఆ మౌనమే వడ్రంగి గుండెలో ముల్లయి కూర్చుంది. తిట్టినా బాగుండేది, కొట్టినా బాగుండేది. ఊరు మాత్రం ఊరుకుంటుందా? 'మేకజెండా' అని పేరు పెట్టేసింది. వడ్రంగి ఆ పూటే ఎర్రజెండాను పొయ్యిలో పెట్టాడు. బావా బావా అని ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకు తిరిగినవాళ్ళు, ఆ తర్వాత ఈయన సరంగు లాంచి ఎక్కలేదు, ఎదురుపడితే పక్క సందులోకి తప్పుకునేవాడు. సరంగు కట్టుడు పళ్ళు పెట్టించుకుని నవ్వినప్పుడల్లా ఈయనకు తల తీసేసినట్టుండేది.

"ఆయన పళ్ళు ఊడగొట్టింది చాలదా? ఇప్పుడు వేలు చూపించి ఇంకేం ఊడగొట్టమంటావు?" అన్నాడు వడ్రంగి మంచం మీంచి. అని, టైలరమ్మ చెయ్యి లాగి తన నెత్తిన పెట్టుకున్నాడు. "రేపు మళ్ళీ తుఫానంట. వెలిశాక తెల్లది కడతావు. ఎర్రది కట్టనని ఒట్టెయ్యి."

"కట్టను పొండి. కడదామన్నా ఇంట్లో ఉండి చావద్దూ? మీరేగా పొయ్యిలో పెట్టారు."

పక్క గదిలో పన్నెండు మీటర్ల ఎర్రతాను ఉందని ఆ క్షణాన ఇద్దరికీ గుర్తురాలేదు. దీవిలో పాత జెండాలు ఎండకు వెలిసిపోయాయని హెడ్మాస్టరు వారం కిందటే ఆ తాను పంపించాడు. గుర్తెందుకొస్తుంది? టైలరమ్మ దృష్టిలో జెండా అంటే మూరెడు గుడ్డ, నాలుగు వైపులా మడత, రెండు కొసలా నాడా. కత్తెర పడని గుడ్డ తానే అవుతుంది గానీ జెండా ఎట్లా అవుతుంది?

మూడో తుఫాను రెండు పగళ్ళు, రెండు రాత్రులు కొట్టింది. బయట గాలి, లోపల జ్వరం. వడ్రంగి ఒళ్ళు పెనంలా కాలింది. ఉన్నట్టుండి లేచి "ఉలి ఎక్కడ పెట్టావే?" అనేవాడు, చచ్చిపోయిన వాళ్ళమ్మతో మాట్లాడేవాడు, మళ్ళీ ఉలుకూ పలుకూ లేకుండా పడిపోయేవాడు. టైలరమ్మ తడిగుడ్డ మార్చుతూనే ఉంది. పాదం మీద మొదలైన ఎర్రటి చార ఒకటి పిక్క దాకా పాకింది. మొదటి రోజు ఆమె దాని పైకొసన సుద్దముక్కతో గీత గీసింది, బట్ట మీద గుర్తు పెట్టినట్టు. రెండో రోజు చూస్తే చార గీత దాటి నాలుగు వేళ్ళ పైకి పోయింది. "దేవుడా, ఈ మనిషిని నాకు ఉంచు. మూర్ఖుడే, కానీ నాకు ఈయనే ఉన్నాడు" అని గోడకు తలానించి ఏడ్చింది.

మూడో రోజు పొద్దున గాలి ఆగింది. ఎండ వచ్చింది. వడ్రంగి కళ్ళు తెరవకుండానే అడిగాడు, "తెల్లది కట్టావా?"

కట్టింది. చేతులు కట్టాయి గానీ, మనసు ఒప్పుకోలేదు. డాబా మీంచి చూస్తే రోడ్డు నాలుగు చోట్ల లేదు. తెల్లజెండా ఉన్న ఇంటికి లాంచి రావాలంటే నాలుగు రోజులో అయిదు రోజులో పడుతుంది. సుద్దగీత రోజుకు నాలుగు వేళ్ళు పైకి జరుగుతోంది. ఆ లెక్క ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు, కొలతల్లోనే బతికిన మనిషి.

భయం వేసినప్పుడు కొందరు దండం పెట్టుకుంటారు, కొందరు తిట్టుకుంటారు. టైలరమ్మ పని చేస్తుంది. కుట్టుగదిలోకి పోయింది. కిటికీ సందుల్లోంచి నీళ్ళు కొట్టి గదంతా చెరువై ఉంది. మిషను బాగానే ఉంది. ఎర్రతాను మాత్రం అడుగు నుంచి పై దాకా నాని ముద్దయింది. అయ్యో, బూజు పడితే ఎవరికి సమాధానం చెప్పాలి? రంగు దిగిపోతే? తానును భుజాన వేసుకుని డాబా ఎక్కింది. కొయ్యకు ఒక కొస చుట్టింది, కప్పు ఎగిరిపోయిన షెడ్డు దూలం దాకా తీగ మీద పరుచుకుంటూ పోయింది, ముడతలు చేత్తో సాపు చేసింది, అంచులు అంచులకు సరిగ్గా కలిపింది. గాలికి ఎగరకుండా క్లిప్పులు కూడా పెట్టింది. రెండు రోజులుగా కునుకు లేని మనిషి, కళ్ళు మూతలు పడుతున్నా పని మాత్రం చూడముచ్చటగా చేసింది. చేసి, కిందికొచ్చి, మొగుడి మంచం పట్టె మీద తల పెట్టి కూర్చుంది.

గంట గడిచిందో లేదో రేవు వైపు నుంచి లాంచి చప్పుడు. ఇంజను పగిలిపోయేంత వేగంగా వస్తోంది. పాపం, ఎవరికి ఏ కష్టం వచ్చిందో అనుకుంటూ టైలరమ్మ గుమ్మంలోకి వచ్చింది.

మెట్ల మీద జనం. ముందు సరంగు, వెనక ఆయన కోడలు నర్సమ్మ మందుల పెట్టెతో, ఆ వెనక హెడ్మాస్టరు రొప్పుతూ, ఇంకో ఏడెనిమిది మంది. ఒకడి చేతిలో గడ్డపార, ఒకడి భుజాన తాళ్ళ చుట్ట, ఇద్దరి చేతుల్లో స్ట్రెచరు. ఒకాయన ఎందుకైనా మంచిదని ఇసుక బకెట్టు కూడా తెచ్చాడు.

"ఎవరికేమైందన్నయ్యా?" అంది టైలరమ్మ గాభరాగా.

సరంగు ఆగిపోయాడు. "మేం అడగాల్సిన మాట నువ్వడుగుతావేంటి చెల్లెమ్మా?" అని వేలెత్తి పైకి చూపించాడు.

టైలరమ్మ వెనక్కి తిరిగి తలెత్తింది. కొండ మీద, డాబా ఈ కొస నుంచి ఆ కొస దాకా, షెడ్డు మీదుగా, నడి ఎండలో పన్నెండు మీటర్ల ఎరుపు రెపరెపలాడుతోంది. ఆ పక్కనే బిక్కుబిక్కుమంటూ మూరెడు తెల్లజెండా. దీవిలో మూరెడు ఎర్రగుడ్డ కనపడితేనే లాంచి కదులుతుంది. పన్నెండు మీటర్లు కనపడితే ఊరు కదలదూ?

"అమ్మో" అని నాలుక కరుచుకుంది. మొహం కందగడ్డయింది. "అయ్యో అన్నయ్యా... తాను తడిసింది... ఆరేశాను. అంతే. ఆరేశాను."

ఇంటి వెనక నుంచి మేక అరిచింది. సరిగ్గా అప్పుడే అరవాలా? ఇసుక బకెట్టాయన కిసుక్కుమన్నాడు. "ఈసారి మేక కూడా కాదు, గుడ్డలు!" హెడ్మాస్టరు మెట్టు మీద కూలబడి చెమట తుడుచుకున్నాడు. టైలరమ్మకు భూమి చీలిపోయి తనను లోపలికి లాక్కుంటే బాగుండుననిపించింది.

"మంచిదేగా" అన్నాడు సరంగు. మొహంలో కోపం లేదు, ఏమీ లేదు. "బాగున్నారుగా, అదే చాలు. పదండి, అటు రెండు ఎర్రవి ఉన్నాయి."

తిరిగాడు. జనం తిరిగారు. స్ట్రెచరు మెట్లు దిగుతోంది, మందుల పెట్టె మెట్లు దిగుతోంది. టైలరమ్మ కళ్ళ ముందు సుద్దగీత కనపడింది. ఒకవైపు నెత్తిన చెయ్యి పెట్టించుకున్న ఒట్టు, ఇంకోవైపు మోకాలి దాకా వచ్చిన చార. ఏమని ఒట్టేశాను? ఎర్రది కట్టనని. కట్టలేదుగా, ఆరేశాను! నోరు విప్పనని ఒట్టెయ్యలేదే!

"అన్నయ్యా, ఆగు!"

ఆ కేకకు మేక కూడా నోరు మూసుకుంది.

"గుడ్డ పొరపాటున ఆరేశాను. నిజం. కానీ మీరు రావడం పొరపాటు కాదు. లోపల ఆయన కాలు... నన్ను చెప్పనివ్వలేదు... నీ పళ్ళు ఊడాయని పదకొండేళ్ళుగా ఆయన..." కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

సరంగు రెండేసి మెట్లు ఎక్కుతూ వచ్చాడు. ఆయన కంటే ముందు నర్సమ్మ లోపలికి దూరింది.

నర్సమ్మ దుప్పటి తొలగించి కాలు చూసింది, సుద్దగీత చూసింది. "ఇది ఎవరు గీశారత్తయ్యా?"

"నేనే. నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత పెరిగిందో చూద్దామని..."

"మంచి పని చేశావు. డాక్టరు ముందు అడిగేది ఇదే." అని, గొంతు మార్చి వడ్రంగి మీద విరుచుకుపడింది. "మావయ్యా! ఇంత తెలివి తక్కువ పనేంటి? రెండో తుఫాను తర్వాత ఇంజెక్షన్లు వేస్తానని ఇంటింటికీ చెప్పి పంపానా లేదా? దాక్కున్నావా?"

వడ్రంగి జ్వరపు కళ్ళు తెరిచి చూశాడు. నర్సమ్మ భుజం వెనక సరంగు మొహం కనపడింది. అంతే, దుప్పటి లాగి మొహాన కప్పుకున్నాడు. ఆ దుప్పటితో సహా నలుగురు ఎత్తి స్ట్రెచరు మీద వేశారు. అటు రెండు ఎర్రజెండాలకూ చేపలవాళ్ళ పడవలు పంపించి, హెడ్మాస్టరును దీవిలోనే దింపి, లాంచి ఆవలి ఒడ్డున ఉన్న పెద్దాసుపత్రికి బయల్దేరింది.

సముద్రం ఇంకా పూర్తిగా కుదురుకోలేదు. నర్సమ్మ సెలైను సీసా ఎత్తి పట్టుకుని నిలబడింది. టైలరమ్మ మొగుడి తల ఒళ్ళో పెట్టుకుంది. సరంగు చుక్కాని పట్టుకుని ముందుకే చూస్తున్నాడు. దుప్పటి లోపల నుంచి మాట వచ్చింది.

"మళ్ళీ మేకే అనుకునుంటావు."

"అనుకున్నా బావా" అన్నాడు సరంగు.

దుప్పటి ఇంకాస్త బిగుసుకుంది.

"మేకే అయ్యుండాలి దేవుడా అనుకుంటూ వచ్చా" అన్నాడు సరంగు మళ్ళీ. "ఇవాళే కాదు. ఎర్రది కనపడిన ప్రతిసారీ అదే దండం. మేకే అయ్యుండాలి, కోడే అయ్యుండాలి, పోనీ కొయ్య విరిగి ఉండాలి. ఈ పదకొండేళ్ళలో ఎన్నింటికి పోయానో నాకే లెక్క తెలీదు. గోడ కింద మనిషి. నీళ్ళలో పసిబిడ్డ. పోయి చూసేదాకా నా కాళ్ళు వణుకుతూనే ఉంటాయి, ఎవరికీ చెప్పను. ఒక్క నీ ఇంటికి వచ్చిన రోజే, అందరూ నిక్షేపంలా ఉండి, మేక లుంగీ నములుతుంటే చూసి తిరిగొచ్చింది. నా బతుకులో అంత మంచి రోజు ఇంకోటి లేదు బావా."

దుప్పటి మెల్లగా ముక్కు దాకా దిగింది.

"మరి ఒక్క మాటైనా అనకుండా పోయావే?"

"నోటినిండా రక్తం పెట్టుకుని ఏం మాట్లాడమంటావయ్యా? నోరు తెరిస్తే ఇంకో పన్ను పడేట్టుంది! పోనీ మర్నాడు చెబుదామంటే నువ్వు కనపడితేగా. ఎదురొస్తే సందులోకి, పిలిస్తే షెడ్డులోకి. నాకు కోపమొచ్చింది పళ్ళు పోయినందుకు కాదు, నువ్వు పోయినందుకు."

వడ్రంగి ఏడ్చాడు. ఎక్కిళ్ళు పెట్టి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. టైలరమ్మ ఆయన మొహం తుడుస్తూ తనూ ఏడ్చింది. పదకొండేళ్ళు, రెండు వేళ్ళు, ఇంకాస్తయితే ఒక కాలు, ఒక ప్రాణం. ఇదంతా ఇద్దరు మగవాళ్ళు నోరు తెరిచి రెండు మాటలు అనుకోకపోవడం వల్ల! ఆమెకు ఇద్దరినీ పట్టుకుని చెరో నాలుగూ తగిలించాలనిపించింది. అంతకంటే ఎక్కువగా సరంగు కాళ్ళకు దండం పెట్టాలనిపించింది.

"హెడ్మాస్టరు ట్యాంకు మీద ఎంత అల్లాడాడో తెలుసా అత్తయ్యా" అంది నర్సమ్మ నవ్వుతూ, సీసా చెయ్యి మార్చుకుని. "తెల్లదీ ఉంది, ఎర్రదీ ఉంది, రెండూ ఉంటే ఏం చెయ్యాలో మనం రాసుకోలేదే అని ఒకటే గోల. కిందున్నవాళ్ళలో సగం మంది అన్నారు, అది టైలరమ్మ ఇల్లు, గుడ్డలు ఆరేసి ఉంటుందని. క్లిప్పులు కూడా కనపడుతున్నాయన్నాడు హెడ్మాస్టరు."

"తెలిసీ వచ్చారా?" టైలరమ్మ నోరెళ్లబెట్టింది.

"మా మావయ్యగారే" అని నర్సమ్మ సరంగు వైపు చూపించింది. "ఆయనే అన్నారు. ఆరేసిందే అయితే టీ తాగి వద్దాం, పదండి అని."

టైలరమ్మ సరంగు వీపు వైపు చూసి రెండు చేతులూ జోడించింది. ఆయన చూడలేదు. చూడకపోతేనేం.

పెద్దాసుపత్రిలో డాక్టరు రెండు వేళ్ళు తీసేశాడు. కాలు నిలిచింది. ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే మోకాలి దాకా తియ్యాల్సి వచ్చేది, ఆ పైన మనిషి దక్కడం కూడా అనుమానమే అన్నాడు. సుద్దగీత గీసిందెవరని అడిగాడు కూడా. టైలరమ్మ తలవంచుకుని "నేనేనండీ, టైలర్ని" అంది. ఆయన నవ్వి, గీత ఉండబట్టే ఏ మందు ఎంత వేగంగా ఎక్కించాలో తేలిందన్నాడు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

జ్వరం తగ్గిన రోజున నర్సమ్మ చూడ్డానికొచ్చి, "పండక్కి పరిగెడతావు మావయ్యా" అంది. "నీ నోట్లో చక్కెర పొయ్య" అంది టైలరమ్మ సంబరంగా. "చక్కెర మాట నా ముందు ఎత్తకే" అన్నాడు వడ్రంగి. వార్డంతా నవ్వింది.

ఇరవై నాలుగు రోజుల తర్వాత దీవికి తిరిగొచ్చారు. సరంగు లాంచిలోనే, సరంగు పక్కనే కూర్చుని. తుఫానుల కాలం వెళ్ళిపోయింది, సముద్రం ఏం ఎరగనట్టు మెరుస్తోంది. లాంచి మలుపు తిరిగేసరికి కొండ మీద వాళ్ళ ఇల్లు కనపడింది. డాబా కొయ్యకు తెల్లజెండా ఎగురుతోంది. ఇంట్లో మనుషులు లేరుగా, మరి ఎవరు కట్టారు? సరంగునడిగితే తెలీదన్నాడు, చూపు తప్పించాడు.

షెడ్డు కప్పు ఎవరో వేశారు. మేకకు ఎవరో మేత పెట్టి మేపారు, అది ముందుకంటే లావెక్కి, పొగరెక్కి ఉంది. కుట్టుగదిలో నీళ్ళు ఎత్తిపోసి, నేల తుడిచి, మిషనుకు నూనె కూడా వేశారు. బల్ల మీద ఎర్రతాను ఆరి, నీటుగా చుట్టి ఉంది. టైలరమ్మ దాన్ని ప్రేమగా నిమిరింది. నిమిరిన చెయ్యి కొస దగ్గర ఆగింది. అలవాటు కొద్దీ విప్పి కొలిచింది. పదకొండున్నర మీటర్లే ఉంది. కొస వంకరగా కత్తిరించి ఉంది. వంకరంటే మామూలు వంకరా, ఎలుక కొరికినా అంతకంటే తిన్నగా కొరుకుతుంది.

"ఎవరీ పని చేసింది? నా కత్తెర ముట్టుకుంది ఎవరు?"

జవాబు తలుపు వెనక మేకుకు వేలాడుతోంది. మూరెడు ఎర్రజెండా. నాలుగు వైపులా మడత ఉంది, నాలుగూ నాలుగు రకాల వెడల్పు. రెండు కొసలా నాడాలున్నాయి, ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. వల దారంతో, గోనెసంచి కుట్టినట్టు ఇంతింత లావు కుట్లు. ఆమె జన్మలో అంత దరిద్రపు కుట్టు చూసి ఎరగదు. చెయ్యి తనంతట అదే బ్లేడు కోసం సొరుగులోకి పోయింది. విప్పి, సాపు చేసి, మళ్ళీ కుట్టడం పావుగంట పని.

"నేనే కుట్టా చెల్లెమ్మా" అన్నాడు సరంగు గుమ్మంలో సంచులు దించి, తల గోక్కుంటూ. "మూడు రోజులు పట్టింది. వేళ్ళన్నీ పొడుచుకున్నా. వలలు కుట్టే చెయ్యి, ఇంతకంటే రాలేదు." తర్వాత వడ్రంగి వైపు తిరిగాడు. "బావా, ఇది ఈ ఇంట్లో ఉంటుంది. పొయ్యిలో పెట్టావంటే మర్యాదగా ఉండదు. మేకైనా సరే, కట్టు. వచ్చి టీ తాగి పోతా."

టైలరమ్మ చేతిలో బ్లేడు చూసుకుంది. ఆ కుట్లు చూసింది. ఒక చోట గుడ్డ మీద చిన్న మరక, ఎరుపు మీద ఎరుపు, సూది గుచ్చుకున్న వేలిదై ఉంటుంది. బ్లేడును సొరుగులో పెట్టి సొరుగు మూసేసింది. ముప్పై ఏళ్ళ టైలరు పనిలో ఆమె విప్పకుండా వదిలేసిన వంకర కుట్టు అదొక్కటే.

"టీ పెడతానుండు అన్నయ్యా" అంది.

వడ్రంగి లేచాడు. చంకలో కర్ర పెట్టుకుని తలుపు దగ్గరికి వచ్చాడు, జెండాను అందుకోబోయాడు. మేకు కాస్త ఎత్తులో ఉంది, కర్ర మీద నిలబడితే వేళ్ళ కొసలే తగిలాయి. షెడ్డులోకి పోయి సుత్తి, మేకుల డబ్బా తెచ్చుకున్నాడు. డబ్బా గెలికి, వంకర తిరిగిన ఆ తుప్పు మేకును తీసి, గుమ్మం మీద పెట్టి తిన్నగా కొట్టాడు. దాన్నే తలుపు వెనక, తన భుజం ఎత్తున, కర్ర మీద ఉన్నా చెయ్యి అందే చోట దిగ్గొట్టి, ఎర్రజెండాను దానికి తగిలించాడు.

"గట్టిగానే ఉందిలే" అన్నాడు లాగి చూసి, సరంగు వైపు తిరిగి. "కూర్చో బావా."